నెల్లూరు వేదాయపాళెంలో మిద్దె మీద యాపిల్ నారు: ప్రాజెక్టు డైరీ

2023 నవంబరు

ముందు పనేంటో చెప్పేస్తాను. తిన్న యాపిల్ కాయల గింజలతో నారు పోసి, ఆ మొక్కల్ని రూట్‌స్టాక్‌గా (అంటు కింద వేరునిచ్చే మొక్కగా) వాడుకుని, చలి తక్కువ అడిగే రకాన్ని వాటి మీద అంటు కట్టాలి. గింజ మొక్కే కాయ కాసేదాకా ఆగితే ఆరేళ్లు పట్టొచ్చు, పదేళ్లూ పట్టొచ్చు. అంత ఆగినా తల్లి కాయలాంటి కాయ రాదు.

ఈ చివరి మాట మామయ్యకు మింగుడు పడలేదు. పొదలకూరు దగ్గర ఆయనకు నిమ్మతోట ఉంది. "నిమ్మ గింజేస్తే నిమ్మే గదమ్మా వస్తాది. దీనికేం మాయరోగం?" అన్నారు.

ఆయన అనుభవం ఆయనది, అందులో తప్పేం లేదు. మన నిమ్మ గింజ ఒక్కటి నాటితే ఒక్కోసారి రెండు మూడు మొలకలొస్తాయి. వాటిలో ఎక్కువ భాగం పుప్పొడితో పనిలేకుండా తల్లి చెట్టు కణజాలం నుంచే పుట్టినవి. అందుకే పిల్ల మొక్క అచ్చం తల్లిలాగే కాస్తుంది. యాపిల్ అలా కాదు. చాలా రకాలు తమ పుప్పొడితో తాము కాయ కట్టవు, పక్కన ఇంకో రకం చెట్టు ఉండాల్సిందే. కాయను అడ్డంగా కోస్తే ఐదు అరలు, అరకు రెండేసి గింజలు కనిపిస్తాయి. ఆ పది గింజలూ పది రకాల మొక్కలవుతాయి. గ్రానీ స్మిత్ ఆస్ట్రేలియాలో, రెడ్ డెలిషియస్ అమెరికాలోని అయోవాలో ఇలా తమంతట తాము మొలిచిన గింజ చెట్లే. మంచి కాయ కాశాయి కాబట్టి పేరు మిగిలింది. పుల్లగానో వగరుగానో కాసి గొడ్డలికి బలైనవాటి సంగతి ఎవరు రాసిపెట్టారు?

అంటు మొక్కే కొనుక్కోవచ్చుగా అని అడిగేవాళ్లకు ఒక మాట. అమ్మే మొక్క కింద ఏ వేరు ఉందో చాలాసార్లు అమ్మేవాళ్లే చెప్పలేరు. ఎమ్9 లాంటి పొట్టి రూట్‌స్టాక్ అయితే వేరు పైపైనే ఉంటుంది, చెట్టుకు జీవితాంతం ఊతకర్ర కావాలి. కార్తీకంలో మన గాలివానలకు అది నిలవదని నా అభిప్రాయం. గింజ మొక్క వేరు లోతుకు దిగుతుంది. హిమాచల్‌లో, కాశ్మీరులో పాత తోటలన్నీ గింజ రూట్‌స్టాక్ మీద పెరిగినవే.

కాశ్మీరు కొత్త పంట కాయలు, దిగుమతి గ్రానీ స్మిత్ కాయలు తెచ్చాం. ముదురు గోధుమ రంగులో నిండుగా ఉన్న గింజలు ఉంచుకుని, లేతవి, గోటితో నొక్కితే లొత్తపడేవి తీసేశాను. నీళ్లలో తేలినవీ పారేశాను. గింజకు అంటిన గుజ్జు బాగా కడగాలి, లేకపోతే బూజు పడుతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ గింజల్ని గిన్నెలో బయట పెట్టొద్దు. ఒకటీ అరా మింగితే ఏమీ కాదు కానీ, నమిలితే సయనైడు పుడుతుంది.

ఫ్రిజ్ సంగతి

యాపిల్ గింజ నేరుగా మట్టిలో వేస్తే మొలవదు. మొలకను ఆపి ఉంచే అబ్సిసిక్ ఆమ్లం గింజలో ఉంటుంది. తడిగా, 5 డిగ్రీల లోపు చలిలో రెండు మూడు నెలలు ఉంటే ఆ పట్టు సడలుతుంది. కొండ ప్రాంతంలో ఆ పని మంచు చూసుకుంటుంది, నెల్లూరులో ఫ్రిజ్ చూసుకోవాలి. డీప్ ఫ్రీజర్ పనికిరాదు, కింద కూరగాయల అర సరిపోతుంది.

టిష్యూ పేపరు తడిపి, పిడికిట్లో పిండి (నీళ్లు కారకూడదు, చెయ్యి మాత్రం తడవాలి) గింజలు పరిచి, మడిచి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాను. డబ్బా మీద 'తినేది కాదు' అని రాసి అతికించాను. మా ఫ్రిజ్‌లో చేపల పులుసు గిన్నెకే మొదటి మర్యాద, దాని కోసం మిగతా డబ్బాలన్నీ చోటు మారుతుంటాయి.

వారానికోసారి మూత తీసి, గాలి తగిలించి, కాగితం మార్చాలి. నల్లబడిన గింజ కనిపిస్తే వెంటనే తీసెయ్యాలి, పక్కవాటికి పాకుతుంది.

డిసెంబరు

మిగ్‌జాం తుపాను. డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటేదాకా మాకు వాన, గాలి. కరెంటు పోయింది. తలుపు తియ్యకుండా ఉంచితే ఫ్రిజ్ లోపలి చల్లదనం చాలాసేపు నిలుస్తుంది. గింజలకు ఏమీ కాలేదు.

ఈ లోగా ఒక చిన్న ప్రయోగం. చలి పెట్టకుండా, గింజ పైతొక్క, దాని కింద సన్నటి పొర రెండూ ఒలిచేసి, తెల్లటి పప్పును మాత్రం తడి కాగితంలో పెట్టాను. అలా చేస్తే కొన్ని మొలుస్తాయని చదివాను. నిజమే, కొన్ని త్వరగానే పచ్చబడి వేరు తీశాయి. కానీ మొక్క సాగలేదు. కణుపుకీ కణుపుకీ మధ్య ఎడం లేకుండా ఆకులన్నీ ఒకేచోట కుప్పపడి, వేలెడెత్తులో ఆగిపోయాయి. చలి అందని మొలక ఇలాగే గిడసబారుతుంది. దొడ్డిదారిన మొలిపించొచ్చు గానీ పెంచలేమని తేలింది. ఫ్రిజ్ దారే రైటు.

2024 జనవరి, ఫిబ్రవరి

సంక్రాంతి తర్వాత డబ్బా తెరిస్తే గింజల మొనలు చీలి, తెల్లటి వేర్లు తొంగి చూస్తున్నాయి. సగానికి పైగా గింజలు లేచాయి. వేరు అర అంగుళం దాటకముందే మట్టిలోకి మార్చాలి, ఆలస్యమైతే కాగితంలోకి దూరి, తీసేటప్పుడు తెగుతుంది.

నర్సరీ కవర్లలో ఎర్రమట్టి, కడిగిన పెన్నా ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపాను. గుప్పెడు వేపపిండి, కాస్త ట్రైకోడెర్మా (కుళ్లు తెగుళ్లను అదుపు చేసే మేలు శిలీంధ్రం) కూడా వేశాను. మామూలు పొట్టి కవర్లు కాకుండా పొడుగు కవర్లు తీసుకున్నాను, తల్లివేరు అడుగు తగిలి చుట్టుకోకుండా. వేరు కిందికి ఉండేట్టు సెంటీమీటరు లోతులో పెట్టి, పైన సన్నటి ఇసుక జల్లాను.

వారం పది రోజుల్లో పప్పుబద్దలు పైకి లేచాయి. కొన్ని మొక్కలు గింజ తొక్కను నెత్తిన టోపీలా పెట్టుకుని వచ్చాయి. పొద్దున్నే తడి వేలితో తొక్క నానబెట్టి మెల్లగా తోస్తే ఊడొస్తుంది, ఎండ ఎక్కాక లాగితే పప్పుబద్ద తెగుతుంది. అసలు ఆకులు ఆ తర్వాత వస్తాయి, అంచున రంపపు పళ్లు చూడగానే తెలిసిపోతాయి.

ఉడతలు కొన్ని తీసుకుపోయాయి. నారుకుళ్లు కొన్నిటిని తీసుకుపోయింది. మొదలు దగ్గర కాండం నీరుపట్టి సన్నబడి, పొద్దునకల్లా పడిపోయేవి. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి మొదళ్లలో పోశాక ఆగింది. నీళ్లు పై నుంచి పోయడం మానేసి, కవర్లను పళ్లెంలో పెట్టి కింది నుంచి పీల్చుకోనిచ్చాను.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా

అసలు పరీక్ష ఇదే. యాపిల్ మొలిపించడం పెద్ద విద్యేం కాదు, నెల్లూరు ఎండాకాలం దాటించడమే విద్య. పడమటి గాలి పట్టిన రోజుల్లో సముద్రపు గాలి సాయంత్రానికి గానీ తిరగదు, మధ్యాహ్నం మిద్దె మీద కాలు పెట్టలేం. కత్తెర ఎండల్లో 42 దాటిన రోజులున్నాయి.

అందరూ ఆకులు మాడతాయనే టెన్షన్ పడతారు. నేను చూసినంతలో ముందు దెబ్బతినేది వేరు. వంటింటి థర్మామీటరు మధ్యాహ్నం కవర్ల మట్టిలో గుచ్చి చూశాను. ఎండ తగిలే వైపు నల్ల కవరులో 45 దగ్గర చూపించింది. అదే మొక్కను పెద్ద మట్టి కుండీలో దించి, కవరుకూ కుండీకీ మధ్య ఇసుక నింపి, ఆ ఇసుకను తడిగా ఉంచితే 30కి కాస్త పైన ఆగింది. తడి ఆరేకొద్దీ మట్టి కుండీ చల్లబడుతుంది, ఇది కూజా ఉన్న ఇంట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. మర్నాడే కవర్లన్నీ కుండీల్లోకి మారాయి. మిద్దె మీద నుంచి కిందికి దించి, తూర్పు గోడ పక్కన, 50 శాతం గ్రీన్ నెట్ కింద పెట్టాం. పదింటి దాకా ఎండ, తర్వాత నీడ. మట్టి మీద వేరుశనక్కాయ తొక్కలు రెండంగుళాల మందాన వేశాను.

రెండో గండం నీళ్లు. మా బోరు నీళ్లు ఉప్పు, నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు వెయ్యి పైనే చూపిస్తుంది. యాపిల్ ఉప్పుకు ఓర్చుకునే జాతి కాదు. ఆకు కొనలు, అంచులు ఎండిన కాగితంలా అయ్యాయి. ఏసీ కిందికి కారే నీళ్లు బకెట్లో పట్టడం మొదలుపెట్టాను. అవి ఆవిరి చల్లారి పడ్డ నీళ్లు కాబట్టి ఉప్పు ఉండదు. ఎండాకాలంలో ఏసీ ఎటూ ఆడుతూనే ఉంటుంది, ఇన్ని చిన్న మొక్కలకు అవి చాలు. ఆర్వో మెషీన్ వదిలేసే నీళ్లు మొక్కలకు మంచివేనని ఎవరైనా చెబితే మాత్రం వినొద్దు. మన వైపు బోరు నీళ్లను ఆర్వో వడకడితే, బయటికి వదిలేది అంతకంటే చిక్కటి ఉప్పునీళ్లే.

కొత్త ఆకులు పసుపుపచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా రావడం మేలో మొదలైంది. ఫొటో చూపిస్తే మామయ్య ఒక్క క్షణం ఆలోచించలేదు. "ఇనుము తక్కువైంది. అన్నభేది కొట్టు" అన్నారు. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఐరన్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు. నిమ్మతోటల్లో ఎప్పుడూ కొట్టే మందే. వారం ఎడంతో రెండుసార్లు సాయంత్రం పూట కొట్టాక తర్వాత వచ్చిన ఆకులు పచ్చగానే వచ్చాయి.

ఎర్రనల్లి కూడా పట్టింది. ఆకు కింద సన్నటి బూడిద పొడిలా ఉంటుంది, భూతద్దంలో చూస్తే కదులుతుంది. గంధకం కొడితే పోతుంది గానీ ఈ ఎండలో గంధకం ఆకును కాల్చేస్తుంది. పైపుతో ఆకుల అడుగు భాగం తడపడం, పొద్దుగూకాక వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు సబ్బునీళ్లతో కలిపి కొట్టడం, అంతే.

ఈ మూడు నెలలూ మొక్కలు ఎదగలేదు. ఎదగనక్కర్లేదు కూడా, బతికుంటే చాలు.

వానాకాలం

జూలైలో జల్లులు పడ్డాక మొక్కలు ఒక్కసారిగా లేచాయి. ఇక్కడే గింజ మొక్కల తమాషా తెలిసింది. పక్కపక్కన కుండీలు, ఒకే మట్టి, ఒకే నీళ్లు, కానీ ఏ రెండూ ఒకలా లేవు. ఒకదాని తొడిమలు ఎర్రగా, ఇంకొకదానివి తెల్లగా. ఒకటి కర్రలా నిటారుగా పోతే, పక్కది మొదట్లోనే కొమ్మలు చీల్చింది. కొన్నిటికి పొట్టి రెమ్మలు కొనదేరి ముళ్లలా తయారయ్యాయి, చూసినవాళ్లు రేగు మొక్కేమో అన్నారు. లేత వయసు గింజ యాపిల్ అలాగే ఉంటుంది. పూతకొచ్చే వయసు దగ్గరపడేకొద్దీ ఆ ముళ్ల స్వభావం తగ్గుతుంది.

మామయ్య కుండీల చుట్టూ తిరిగి, "అవును మ్మా, ఇవి ఒక తల్లి పిల్లలు గావు" అని ఒప్పుకున్నారు.

ఆ వానల్లోనే చలి తక్కువ అడిగే 'అన్నా' అనే రకం అంటు మొక్క ఒకటి తెప్పించాను, అంటు కట్టడానికి దాని కన్నులు (మొగ్గలు) కావాలి కదా.

డిసెంబరు

చలి లెక్క ఇప్పుడు చెప్పాలి. యాపిల్ చెట్టు శీతకాలంలో ఆకు రాల్చి పడుకుంటుంది. సుమారు 7 డిగ్రీల లోపు చలి కొన్ని వందల గంటలు తగిలితేనే మొగ్గలన్నీ సమంగా మేలుకుంటాయి. మామూలు సిమ్లా రకాలకు 800 నుంచి వెయ్యి గంటలు దాటి కావాలి. ఇజ్రాయెల్‌లో పుట్టిన అన్నా, బహామాస్ దీవుల్లో పుట్టిన డోర్సెట్ గోల్డెన్ 300 గంటల లోపుతో సరిపెట్టుకుంటాయి. నెల్లూరుకు 7 డిగ్రీలు ఎలా ఉంటాయో తెలియదు. డిసెంబరు రాత్రి 20కి దిగితేనే మనం మంకీ క్యాప్ తీస్తాం. అంటే అన్నాకు కూడా ఇక్కడ చలి సున్నా.

మరి ఎందుకీ ప్రయాస అంటే, ఇండోనేషియాలో తూర్పు జావాలోని బాటు అనే ఊరుంది. అక్కడా శీతకాలం లేదు. కాయలు కోశాక రైతులు చెట్టు ఆకులన్నీ చేత్తో దూసేస్తారు. చెట్టు పూర్తిగా పడుకోకముందే దాన్ని అలా మళ్లీ చిగురుకు తిప్పుతారు, ఏడాదికి రెండు పంటలు తీస్తారు. అయితే బాటు వెయ్యి మీటర్ల చుట్టుపక్కల ఎత్తున ఉంది, నెల్లూరు 20 మీటర్లు కూడా లేదు. అక్కడి రాత్రులు మన రాత్రుల కంటే చల్లన. కాబట్టి వాళ్లంత కాపు నేను ఆశించడం లేదు. చెట్టును చలితో కాకుండా ఆకు దూయడంతో తిప్పొచ్చు అన్నదొక్కటే నాకు కావాల్సింది. మన దగ్గర ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి వైపు యాపిల్ కాసింది, కానీ అక్కడి చలికాలం వేరు.

నా గింజ మొక్కలు డిసెంబరులోనూ ఆకు రాల్చలేదు. పాత ఆకు ముదిరి తోలులా అయింది, కొనన చిగురు మాత్రం వస్తూనే ఉంది.

2025 జనవరి, ఫిబ్రవరి

రిపబ్లిక్ డే ముందు రోజు పద్మ పురస్కారాల జాబితాలో యాపిల్ రైతు హరిమన్ శర్మ పేరు చూసి నిజంగా సంతోషమేసింది. హిమాచల్‌లోని బిలాస్‌పూర్ జిల్లా పనియాలా ఆయనది, కింది కొండల్లో, వేడి చోటు. ఇంట్లో తిన్న యాపిల్ గింజలు పెరట్లో వేస్తే మొలిచిన మొక్క నుంచే వేడి చోట్లా కాసే హెచ్ఆర్ఎంఎన్-99 యాపిల్ రకం వచ్చింది. గింజ మొక్క కాయ మీద ఆశ పెట్టుకోవద్దని నేనే మొదట్లో రాశాను, ఇప్పటికీ అదే అంటాను. అయినా ఆ రాత్రి నిర్ణయం మార్చుకున్నాను. నారులో బాగా బలంగా ఉన్నవాటిని ఒకటి రెండు అంటు కట్టకుండా వదిలేస్తున్నాను.

ఇక అంటు. హిమాచల్‌లో చెట్టు నిద్రలో ఉండగా ఫిబ్రవరి, మార్చిల్లో పుల్లకు పుల్ల కోసి అతికిస్తారు. మన మొక్క నిద్రే పోదు. మరి ఆ పద్ధతి ఇక్కడ ఎందుకు? మొక్కలో పాలు ఆడుతున్నప్పుడు బెరడు కాండం నుంచి సులువుగా విడుతుంది, అప్పుడు కట్టాల్సింది కన్నంటు, అంటే పుల్లకు బదులు ఒక్క కన్నునే బెరడు కింద అతికించడం. జంబేరి (రూట్‌స్టాక్‌గా వాడే నిమ్మ జాతి) మీద బత్తాయి కట్టేది అలాగే. మామయ్య వయసులో ఉన్నప్పుడు ఆ పని చేతులారా చేశారు, చాకు కూడా దాచిపెట్టుకున్నారు.

పెన్సిల్ లావు వచ్చిన మొక్కల్ని ఎంచాం. అన్నా మొక్కలో ఆ ఏడాది కొమ్మకు వారం ముందే ఆకులు కత్తిరించి, తొడిమలు మాత్రం ఉంచాను. దాంతో కన్నులు ఉబ్బాయి. చాకును స్పిరిట్‌తో తుడిచి, మట్టికి అరచేతి ఎత్తున, కాండం మీద నీడ పడే ఉత్తరం వైపు 'టి' ఆకారంలో గాటు పెట్టారు. గాటు బెరడులోనే ఆగాలి, లోపలి కట్టెను తాకకూడదు. చాకు వెనక ఉన్న పలచటి బద్దతో బెరడు రెండు రెక్కల్నీ లేపారు, లోపల తడిగా మెరిసింది. "ఇట్లా జారితే కట్టొచ్చు. అతుక్కోనుంటే ఆ రోజు కట్టబాక" అన్నారు.

తర్వాత అన్నా కొమ్మ మీద కన్ను కింద అర అంగుళం నుంచి పైకి ఒక్క లాగున కోశారు. కన్ను, దాని వెనక పడవ ఆకారంలో బెరడు చెక్క, దానికి తొడిమ పిడి. ఆ పిడి పట్టుకుని, చెక్క లోపలి వైపు వేలు తగలకుండా, గాటులోకి పై నుంచి కిందికి జార్చారు. పైన మిగిలిన ముక్కను గాటు అంచు దగ్గర సమంగా కోసేశారు. పాలిథీన్ పట్టీతో కింది నుంచి పైకి చుట్టడం, కన్నూ తొడిమా బయటికి వదిలి గట్టిగా ముడి. నేను కట్టిన వాటికి ఆయన కట్టిన వాటి కంటే రెట్టింపు సేపు పట్టింది.

పట్టిందా లేదా అన్నది మూడు వారాలకు తెలుస్తుంది. పట్టీ విప్పక్కర్లేదు, తొడిమ ముక్కను వేలితో తాకితే చాలు. పండుబారి తాకగానే రాలిపోతే కన్ను బతికున్నట్టు. నల్లబడి, ఎండి, అతుక్కుని ఉంటే పోయినట్టు. మామయ్య కట్టినవి దాదాపు అన్నీ రాల్చాయి, నావి సగం.

మార్చి, ఏప్రిల్

పట్టిన కన్ను పైన కాండాన్ని ముందు సగం నరికి పక్కకు వంచాను, వారం తర్వాత కన్నుకు అంగుళం పైన పూర్తిగా కోసి, కోత మీద బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూశాను. కన్ను చిటికెనవేలంత చిగురు తీసింది. అన్నా ఆకు గింజ మొక్క ఆకు కంటే వెడల్పు, నూగు ఎక్కువ, పక్కన పెడితే తేడా స్పష్టం. కింద గింజ మొక్క పిలకలు వేస్తూనే ఉంటుంది, వారానికోసారి గిల్లాలి. వదిలితే పై కన్నును ఎండగట్టేస్తుంది.

బలంగా ఉన్న ఒక అంటును పొదలకూరు పంపించాలని నిర్ణయం. అక్కడి ఎర్రనేలలో నీరు నిలవదు, బోరు నీళ్లు మా నీళ్ల కంటే నయం. జూలై జల్లులు పడ్డాక, పాత నిమ్మ చెట్టు ఎండిపోయి ఖాళీ అయిన చోట, తూర్పు ఎండ తగిలేట్టు నాటతాం. అంటు ముడి మట్టికి పైనే ఉండాలి, మట్టిలో పూడితే పై రకం సొంత వేరు వేసుకుని కింది వేరు పనికిరాకుండా పోతుంది.

అన్నా ఒంటరిగా సరిగ్గా కాయ పట్టదు, డోర్సెట్ గోల్డెన్ పక్కన ఉండాలి. దాని కన్నుల కోసం ఇంకో మొక్క వెతుకుతున్నాను. దొరికితే వేరే మొక్క పెట్టకుండా, ఇదే చెట్టు పక్క కొమ్మ మీద కడదామని మామయ్య అంటున్నారు. ఆకు దూయడం మాత్రం చెట్టు నడుమెత్తు దాటాకే. అంతకు ముందు దూస్తే ఉన్న బలం కూడా పోతుంది.